సదర్క్‌లో మిగిలిన సత్రం, కిల్బర్న్‌లో తిరిగి లేచిన పబ్

లండన్ బ్రిడ్జ్ స్టేషన్ నుంచి బరో హై స్ట్రీట్ మీద దక్షిణంగా కొద్ది నిమిషాలు నడిస్తే ఎడమ చేతి వైపు ఒక సన్నని దారి వస్తుంది. లోపలికి తిరగగానే వీధి రొద తగ్గి, రాళ్లు పరచిన పెరడు, దాని పక్కన పై అంతస్తుల పొడవునా చెక్క వసారాలు కనిపిస్తాయి. ఇదే జార్జ్ ఇన్. గుర్రపుబండ్ల కాలపు వసారాల సత్రాలలో లండన్‌లో నేటికీ నిలిచినది ఇదొక్కటే. మా ఆరు రోజుల యాత్రలో, పెద్ద పెద్ద మ్యూజియంలు చూసిన తరువాత కూడా, నేను రెండోసారి వెళ్లాలని పట్టుబట్టిన చోటు కూడా ఇదొక్కటే.

పబ్ అనగానే మనవాళ్లకు హైదరాబాదులో అర్ధరాత్రి దాకా మోగే సంగీతం గుర్తుకు వస్తుంది. ఇంగ్లండ్‌లో ఆ మాటకు ఊరుమ్మడి చావడి అనే అర్థమే దగ్గరగా ఉంటుంది. మద్యం వాసన కూడా గిట్టని మా అమ్మ అక్కడ గంటన్నర సేపు టీ తాగుతూ నిశ్చింతగా కూర్చుంది. బల్ల దగ్గరికి ఎవరో వచ్చి అడుగుతారని ఎదురుచూడకుండా మనమే కౌంటరు దగ్గరికి వెళ్లి చెప్పి, అక్కడే డబ్బు కట్టి రావాలన్న సంగతి మాత్రం తెలిసి ఉండాలి. సాయంత్రం అయిదు దాటితే ఆఫీసులు వదిలిన జనంతో పెరడు నిండిపోతుంది కనుక, కట్టడం చూడదలచినవారు మధ్యాహ్నం మూడింటికి వెళ్లడం మేలు.

ఒకప్పుడు లండన్ నగరంలోకి థేమ్స్ దాటి వెళ్లడానికి ఉన్నది ఒక్కటే వంతెన, దాని ద్వారాలు రాత్రి మూసేవారు. ఆలస్యంగా వచ్చిన బాటసారులు ఇవతలి ఒడ్డునే ఆగవలసి వచ్చేది కనుక ఈ వీధి పొడవునా సత్రాలు వెలిశాయి. 1676లో ఈ ప్రాంతం, అంటే సదర్క్, చాలా భాగం అగ్నికి ఆహుతయింది. ఇప్పుడు మనం చూసే కట్టడం ఆ మరుసటి ఏడాది లేచినది. అప్పట్లో పెరడుకు మూడు వైపులా కట్టడం ఉండేది. రైళ్లు వచ్చి గుర్రపుబండ్లు పోయాక, దీన్ని సరుకుల డిపోగా వాడుకున్న గ్రేట్ నార్తర్న్ రైల్వే తన గోదాముల కోసం రెండు వైపులు పడగొట్టింది. దక్షిణపు వైపు ఒక్కటే మిగిలింది. పెరడు మధ్యలో నిలబడి చూస్తే ఆ లోటు స్పష్టంగా తెలుస్తుంది, నిజంగా బాధ కలుగుతుంది. అదే వీధిలోని టాబర్డ్, వైట్ హార్ట్ సత్రాలకైతే ఆ ఒక్క వైపు కూడా దక్కలేదు.

కింది అంతస్తులో గదులు ఒకదానిలోంచి ఒకటి తెరుచుకుంటాయి. బండి కోసం ప్రయాణికులు వేచి ఉన్న గది ఇప్పుడు బార్. పై అంతస్తులోని పడక గదుల్లో ఇప్పుడు భోజనాలు వడ్డిస్తారు. మేము కూర్చున్న బల్ల కాళ్లలో రెండింటి కింద పల్చని చెక్క ముక్కలు పెట్టి ఉన్నాయి. మా తమ్ముడి కూతురు వంగి చూసి, "అత్తా, నేలే వాలి ఉంది, బల్ల కాదు" అంది. చెక్క చట్రం మూడున్నర శతాబ్దాలుగా కుంగుతూ సర్దుకుంటూ వచ్చింది. నేలను చదును చేసి ఆ వాలును చెరిపేయకుండా, బల్లకు ముక్క పెట్టుకుని సరిపెట్టుకున్నారు. ఆ ఇంటిని ఎలా చూసుకుంటున్నారో నాకు అక్కడే అర్థమయింది. మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులున్నవారు కిందే కూర్చోవడం మంచిది.

1937లో అప్పటి రైల్వే సంస్థ దీన్ని చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించింది. ట్రస్ట్ దీన్ని ప్రదర్శనశాలగా మార్చి తాడు కట్టలేదు. పబ్‌గానే నడిచేలా లీజుకు ఇచ్చింది. చారిత్రక కట్టడాల జాబితాలో దీనిది మొదటి గ్రేడు. ఆ జాబితాలో ఉన్న ఏ కట్టడానికైనా దాని స్వభావం మారేలా మార్పు చేయాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి పొందాలి. అనుమతి లేకుండా చేస్తే అది క్రిమినల్ నేరం.

ఈ నియమం ఎంత దూరం వెళ్తుందో మా బస తెలియజేసింది. దగ్గరలోనే ఒక పాత పబ్ పై అంతస్తులో రెండు గదులు తీసుకున్నాము. లిఫ్టు లేదన్న మాట బుకింగ్‌లో ఎక్కడా చెప్పలేదు. పెట్టెలు మూడు అంతస్తులు మోసుకుపోవలసి వచ్చింది, అమ్మను ఆ మెట్లు ఎక్కించడం నాకు చాలా కష్టమనిపించింది. ముందే చెప్పి ఉంటే మరోచోట దిగేవాళ్లం. కిటికీలు పాతకాలపు ఒంటి అద్దాలవి కనుక రైళ్ల చప్పుడు రాత్రంతా వినిపించింది. అయితే ఆ కిటికీలను పీకి కొత్తవి బిగించడం వారి చేతిలో లేదని, లోపలి వైపు విడిగా రెండో అద్దం అమర్చుకునే ప్రయత్నంలో ఉన్నారని అక్కడి అమ్మాయి ఓపికగా వివరించింది. శుభ్రతకు, ఉదయపు ఫలహారానికి, ఆ ఓపికకు నేను మంచి మార్కులే వేస్తాను. దాచిన మెట్లకు మాత్రం వేయలేను.

మరునాడు భూగర్భ రైలు బేకర్లూ లైనులో కిల్బర్న్ పార్క్ స్టేషన్‌కు వెళ్లి, కార్ల్‌టన్ వేల్ మీద ఉన్న కార్ల్‌టన్ టావర్న్ చూశాము. మొదటి ప్రపంచ యుద్ధపు బాంబు దాడిలో పాత పబ్ పోయాక, చారింగ్టన్ బీరు కంపెనీ 1920-21లో దీన్ని కట్టించింది. అక్కడ ఫ్లాట్లు కట్టుకోవడానికి యజమానికి స్థానిక పాలక మండలి అయిన వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. అయినా 2015 ఏప్రిల్‌లో, చారిత్రక జాబితాలోకి చేరబోతున్న సమయంలో, యజమాని సంస్థ దాన్ని అనుమతి లేకుండా నేలమట్టం చేసింది. అయితే పరిరక్షణ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ అప్పటికే దాని వివరాలు నమోదు చేసి ఉంచింది. స్థానికులు ఉద్యమించారు, ఉన్నది ఉన్నట్టుగా తిరిగి కట్టాలని కౌన్సిల్ ఆదేశించింది, అప్పీలులోనూ ఆ ఆదేశమే నిలిచింది. 2021 ఏప్రిల్‌లో పబ్ మళ్లీ తెరుచుకుంది. ఈలోగా 2017లో చట్టం కూడా మారి, ఇంగ్లండ్‌లో ఏ పబ్‌ను కూల్చాలన్నా ప్లానింగ్ అనుమతి తప్పనిసరి అయింది.

కట్టడంగా చూస్తే జార్జ్‌తో దీనికి పోలిక లేదు. వందేళ్ల నాటి పేట పబ్ నమూనా, అంతే. రెండింటిలో ఒక్కటే చూసే వీలున్నవారు జార్జ్‌కే వెళ్లాలి. కానీ వీధి వైపు మెరుపు పూత పలకల మీద వేలు పెట్టి రాస్తూ నడిచినప్పుడు, కూల్చినవారి చేతనే మళ్లీ పేర్పించిన గోడ ఇదని తలచుకుని, నేను తమ్ముడికి ఆ కథ రెండోసారి చెప్పాను. లోపల మధ్యాహ్నపు ఎండ పడుతున్న బల్ల దగ్గర ఇద్దరు ముసలివాళ్లు పత్రిక పంచుకుని చదువుతున్నారు. మేము వచ్చేటప్పుడు వాళ్లలో ఒకాయన అమ్మ కోసం లేచి తలుపు పట్టుకున్నారు.