మూడో నెల పీఎల్‌జీఎఫ్, ఏడో నెల రేషియో: గర్భిణికి ఏది మేలు?

గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి, తరచూ మూత్రంలో ప్రొటీన్ కూడా పడే జబ్బు ప్రీఎక్లాంప్సియా. అది రాబోతోందా అని చూసే రక్త పరీక్షలు రెండున్నాయి. ఒకటి మూడో నెలలో చేసేది, రెండోది ఆరో నెల నుంచి అవసరాన్ని బట్టి చేసేది. రెండింటికీ డబ్బు పెట్టలేనివాళ్లు ఏది చేయించుకోవాలంటే, నేను మూడో నెల పరీక్షే అంటాను. అయితే అందరికీ కాదు.

ఈ జబ్బుకు మూలం మాయలో ఉంది. మాయ సరిగా నాటుకోకపోతే, రక్తనాళాలు ఎదగడానికి తోడ్పడే పీఎల్‌జీఎఫ్ అనే ప్రొటీన్ తగ్గుతుంది. దాన్ని పట్టేసి పనిచేయనివ్వని ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 పెరుగుతుంది. 2003లో బోస్టన్ పరిశోధకులు చూలు ఎలుకల్లో ఈ రెండో ప్రొటీన్‌ను పెంచి చూస్తే, వాటికి బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పడింది.

మూడో నెల పరీక్ష 11 నుంచి 14 వారాల లోపు, అంటే కడుపులో బిడ్డకు జన్యు లోపాలున్నాయేమో చూసే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్త పరీక్ష చేసే రోజుల్లోనే అయిపోతుంది. రిపోర్టులో పీఎల్‌జీఎఫ్ ఎంతుందో చెప్పే ఎంఓఎం అని ఒక అంకె ఉంటుంది. 1 అంటే అదే వారంలో ఉన్న గర్భిణుల మధ్యస్థ స్థాయి. అది బాగా తక్కువుంటే అనుమానించాలి. కానీ ఆ ఒక్క అంకెతో తేల్చరు. బీపీ, గర్భాశయ ధమనుల్లో రక్త ప్రవాహం చూసే డాప్లర్ స్కాన్, ఆరోగ్య చరిత్ర కలిపి లెక్క కడతారు. డబుల్ మార్కర్‌లో పాప్-ఏ అనే ప్రొటీన్ తక్కువ వచ్చిందని టెన్షన్ పడేవాళ్లకూ ఇదే మాట.

దీన్నే మేలనడానికి కారణం ఆస్పిరిన్. 2017లో వెలువడిన ఆస్ప్రే అధ్యయనంలో, ఈ లెక్కతో ముప్పున్నట్టు తేలినవాళ్లు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు వేసుకుంటే, 37 వారాల లోపే కాన్పు చేయాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. 16 వారాల లోపు మొదలుపెడితేనే బాగా ఫలితం. డాక్టర్ చెప్పకుండా మాత్రం వేసుకోకూడదు.

మరి ఎవరికి అక్కర్లేదు? ముందు కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్లకు, ముందు నుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పరీక్షతో పనిలేకుండానే డాక్టర్లు ఆస్పిరిన్ రాస్తారు. పైకి ఏ ముప్పూ కనిపించని తొలిచూలు అమ్మాయికే ఇది ఎక్కువ ఉపయోగం.

ఇక రేషియో, అంటే రక్తంలో పీఎల్‌జీఎఫ్ కంటే ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 ఎన్ని రెట్లుందో చెప్పే అంకె. ఇది జబ్బును ఆపదు, అనుమానాన్ని తీరుస్తుంది. ఏడో నెలలో పుట్టింటికొచ్చిన అమ్మాయికి తలనొప్పి, ముఖం వాపు, బీపీ 138/88 ఉందనుకోండి. కొత్త డాక్టర్‌కు పాత బీపీలు తెలియవు. అడ్మిట్ చేయాలా, ఇంటికి పంపాలా? 2016లో వెలువడిన ప్రోగ్నోసిస్ అధ్యయనంలో రేషియో 38 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నవాళ్లలో 99.3 శాతం మందికి వారం లోపు జబ్బు రాలేదు. 38 దాటినవాళ్లలో నాలుగు వారాల్లో వచ్చింది నూటికి 37 మందికే. కాబట్టి 'ఇప్పుడు లేదు' అంటే నమ్మొచ్చు, 'వస్తుంది' అంటే జాగ్రత్తగా చూసుకోవాలంతే. అనుమానమే లేనివాళ్లకు ఈ ఖర్చు దండగ.

రెండూ చేయించలేనివాళ్లు బెంగపడక్కర్లేదు. పీహెచ్‌సీలో ప్రతి చెకప్‌కూ బీపీ, మూత్రం చూపించుకుని ఆ అంకెలు కార్డులో రాయించుకోండి, పుట్టింటికి వెళ్లేటప్పుడు ఆ కార్డు వెంట తీసుకెళ్లండి. బీపీ 160/110కి చేరినా, చూపు మసకబారినా, కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చినా ల్యాబ్ రిపోర్టు కోసం ఆగొద్దు, ఆ క్షణమే ఆసుపత్రికి బయల్దేరండి.