బడి డైరీ చదవడం నేర్పే సాయంత్రపు తరగతి: రేణిగుంట రోడ్డు, తిరుపతి

ఒడిశా నుంచో, బీహార్ నుంచో, తమిళనాడు నుంచో పనికొచ్చి, పిల్లల్ని ఇక్కడి తెలుగు బడిలో వేసిన అమ్మానాన్నల కోసం నడుస్తున్న తరగతి ఇది. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం 7 నుంచి 8:30 దాకా, మొత్తం 12 వారాలు. ఫీజు లేదు. మీ వర్క్‌షాపులోనో, హోటల్లోనో ఇలాంటి కుటుంబం ఉంటే వాళ్ల తరఫున ఈ సమీక్ష మీరు చదవండి.

ఇక్కడ అ, ఆలతో మొదలుపెట్టరు. మొదటిరోజే పిల్లల డైరీ తెమ్మంటారు. సెలవు, పరీక్ష, సంతకం, హాజరు, ఇంటిపని, తల్లిదండ్రుల సమావేశం: ఇవే పాఠాలు. ఏడాది పొడుగునా బడి నుంచి ఇంటికొచ్చే కాగితాల్లో తిరిగి తిరిగి కనిపించేది ఇలాంటి కొద్ది మాటలే. వాటిని చూడగానే గుర్తుపట్టే తల్లి, అక్షరమాల పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. పెద్దవాళ్లకు చదువు చెప్పేచోట ఇంత తెలివైన మొదలు అరుదు.

లోపం ఆ తర్వాత మొదలవుతుంది. అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకేలా చెబుతున్నారు. తమిళం చదివినవాళ్లకు క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. మాట మొదట్లో దాన్ని కకారంగానే పలుకుతారు కాబట్టి గుడి కాస్తా కుడి అవుతుంది. ప, బలకూ అంతే, ఒకటే అక్షరం, బడి పడి అవుతుంది. హిందీవాళ్లకు ఈ వర్గాక్షరాలన్నీ తెలుసు, వాళ్ల ఇబ్బంది వేరు. ఎ–ఏ, ఒ–ఓ తేడా వాళ్ల లిపిలో లేదు. మెడ, మేడ రెండూ వాళ్లకు ఒకటే. ఒడియావాళ్లదీ అదే చిక్కు. వత్తుల సంగతి చూడండి. ‘తల్లిదండ్రుల’ అనే ఒక్క మాటలో లకింద ల, డకింద ర ఉన్నాయి. హిందీలో సగం అక్షరం ఎడమపక్కన నిలబడుతుంది, తమిళంలో వత్తే లేదు, చుక్క పెట్టి పక్కన రాస్తారు. ఒడియాలో చాలా జంటాక్షరాలకు రెండోది కిందికే దిగుతుంది, అందుకే వాళ్లు వత్తులు త్వరగా పట్టుకుంటారు. తమిళంవాళ్లకు వర్గాక్షరాలు, హిందీ, ఒడియావాళ్లకు దీర్ఘాలు విడివిడిగా దిద్దించాలి. వారానికి అరగంట వేరుచేసినా చాలు. అలా చేయనందువల్లే నాలుగో వారానికి తమిళం బెంచీలు ఖాళీ అవుతున్నాయి.

ఈ తరగతికి ప్రాణం చివరి ఇరవై నిమిషాలు. పక్కగదిలో ఆడుకుంటున్న పిల్లలు వచ్చి అమ్మ పక్కన కూర్చుంటారు. బిడ్డ తెలుగు వాచకం పైకి చదువుతుంది, అమ్మ ఒక్కో మాట కింద వేలు జరుపుతుంది. పేజీ అయ్యాక అదే కథను అమ్మ తన భాషలో తిరిగి చెప్పాలి. అమెరికాలో కుటుంబమంతా కలిసి చదువుకునేలా నడిచే కార్యక్రమాల్లో పెద్దల చదువు, పిల్లల చదువు, ఇద్దరూ కలిసి గడిపే సమయం, పెంపకం మీద చర్చ అని నాలుగు భాగాలుంటాయి. కెంటకీ రాష్ట్రంలో 1980ల్లో రూపుదిద్దుకున్న పద్ధతి అది. ఇక్కడ మూడోదాన్ని బాగా పట్టుకున్నారు. ఇంట్లో ఒడియా మానేసి వచ్చీరాని తెలుగే మాట్లాడండని కొందరు సలహా ఇస్తుంటారు. అది తప్పు. తల్లి నోట నిండుగా వచ్చే భాషలోనే బిడ్డకు మాటలు పెరుగుతాయి. ఈ తరగతిలో ఆ మాట గట్టిగా చెబుతున్నారు, సంతోషం.

టీచరుతో మాట్లాడే సాధన కూడా బాగుంది. బిడ్డనే దుబాసీగా పెట్టుకుంటే, టీచరు ‘వీడు హోంవర్కు చేయడం లేదమ్మా’ అంటే వాడు అమ్మకు ‘బాగా చదువుతున్నానంట’ అని చెప్పగలడు. అందుకే ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు నోటికి వచ్చేదాకా అడిగిస్తారు. ‘సార్, మా బిడ్డ పాఠం తనంతట తాను చదువుతోందా? ఎందులో వెనకబడింది? ఇంట్లో రోజూ ఏం చేయించాలి?’ 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ లాంటి రోజున, గుంపులో ఈ మూడే అక్కరకొస్తాయి.

కాగితాల తరగతి ఐదో వారంలో పెట్టారు. ముందుకు జరపాలి. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు, అది 5వ సెక్షన్. వయసు ధ్రువపత్రం లేదని కాదనకూడదు, అది 14వ సెక్షన్. మధ్యలో చదువు ఆగినవాళ్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చాలి, అది 4వది. ఈ మూడూ జూన్‌లో తెలియాల్సినవి. రాష్ట్ర ప్రభుత్వ పథకం తల్లికి వందనం గురించి చెప్పేటప్పుడు 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడతాయన్నదే వినిపిస్తోంది. 75 శాతం హాజరు, ఖాతాకు ఆధార్ లింకు, మిగతా అర్హతల సంగతి సచివాలయంలో ముందే కనుక్కోమనడం మరిచిపోతున్నారు. లేనిపోని ఆశ పెట్టుకుని కుటుంబాలు నొచ్చుకుంటున్నాయి.

బడి యాజమాన్య కమిటీ మాటే లేకపోవడం పెద్ద లోటు. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం ఆడవాళ్లుండాలని అదే చట్టం చెబుతోంది. పక్క రాష్ట్రం తల్లి కూడా అందులో కూర్చోవచ్చని ఎవరో ఒకరు చెప్పాలి.

వేళ కూడా కుదరడం లేదు. హోటల్ పనివాళ్లకు రాత్రి ఏడంటే రద్దీ. అమెరికా కేంద్ర ప్రభుత్వం ఈవెన్ స్టార్ట్ పేరుతో ఇలాంటి తరగతులే దేశమంతా నడిపింది. 2003 నాటి మూల్యాంకనంలో ఆ కుటుంబాలు, కార్యక్రమంలో లేని కుటుంబాల కంటే ముందుకు పోలేదని తేలింది. వాళ్లు తరగతుల్లో గడిపిన గంటలు తక్కువని కూడా అందులోనే బయటపడింది. ఆదివారం ఉదయం మరో బ్యాచి పెడితే ఇక్కడ ఆ తప్పు జరగదు.

ఒక చిన్న సంగతి. ఫోన్ కెమెరాతో అనువాదం ఎలా చేసుకోవాలో ఇక్కడ చూపిస్తారు. అచ్చు నోటీసుకు అది బాగానే పనిచేస్తుంది, టీచరు చేతిరాత దగ్గర తడబడుతుంది. డైరీలో రాసినదాన్ని వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టమని టీచర్ని అడగడం మేలు.

ఒడియా, హిందీ కుటుంబాలు నిస్సంకోచంగా చేరవచ్చు. తమిళం చదివినవాళ్లు విడి బ్యాచి ఉందేమో అడిగి చేరండి. వెళ్లేటప్పుడు బిడ్డ డైరీ, ప్రోగ్రెస్ కార్డు, తెలుగు వాచకం, ఒక పెన్సిలు తీసుకెళ్లండి. బిడ్డను ఇంట్లో వదిలి రావద్దు, చివరి ఇరవై నిమిషాలు బిడ్డ కోసమే.