ఆయన దగ్గర యుద్ధం బొమ్మలు ఆర్డర్ పెట్టకండి, నా 19 వేలు పోయాయి

కోపంలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. నిన్న రాత్రంతా నిద్ర లేదు, చేతికి ఇంకా ఫెవిక్విక్ అంటుకునే ఉంది.

ఆర్డర్ మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలు చేసి పంపే ఆయన గురించే, పేరు మీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ బొమ్మల సంగతి కాస్త తెలిసినవాళ్లందరి ఫోన్లోనూ ఆయన నంబర్ ఉంటుంది. రోజుకి నాలుగు స్టేటస్‌లు పెడతాడు, అన్నిట్లోనూ లైట్ వేసి దగ్గరగా తీసిన ఫోటోలే, ప్రతి బొమ్మ కింద "ప్రేమతో చేసినది" అని. ఆ ప్రేమ ఎలా ఉంటుందో నాకు ఇప్పుడు బాగా తెలిసింది.

సంగతి ఏంటంటే, మా విజయనగరంలో మొన్న శని ఆదివారాలు ఒక కాలేజీ హాల్లో గేమింగ్ కన్వెన్షన్ పెట్టారు. ఎక్కువగా వీడియో గేములు, కార్డు ఆటలు. అందులో చరిత్ర యుద్ధాల టేబుల్ ఒక్కటి, అంటే పాత యుద్ధాన్ని బల్ల మీద బొమ్మలు జరుపుతూ, పాచికలు వేస్తూ ఆడే ఆట, నేను పెడతానని ఎగేసుకుని పేరు ఇచ్చాను. ఆటకి నాలుగు గంటలు, ఆరుగురు ఆటగాళ్లు. పెట్టేవాడే బొమ్మలూ కోటా చెట్లూ పాచికలూ రూల్స్ కాగితాలూ అన్నీ తెచ్చుకోవాలి, ఆడేవాళ్లు చేతులూపుకుంటూ వస్తారు. ఏ యుద్ధం అంటే ఇంకేం, బొబ్బిలి. 1757 జనవరి 24. తేదీకి దగ్గర్లోనే కన్వెన్షన్ పడింది కదా అని నాకు మరీ ఉత్సాహం. విజయనగరంలో కూర్చుని బొబ్బిలి యుద్ధం పెట్టడం మామూలు విషయం కాదండోయ్, పక్కింటి తాతగారైతే "మనవాళ్లే గెలుస్తారు కదా బాబూ" అని రెండుసార్లు అడిగారు. గెలుస్తారు తాతా, మూడు రోజుల తర్వాత ఏమవుతుందో కూడా ఆటలో ఉంది అన్నాను.

కోట నేనే చేసుకున్నాను. థర్మాకోల్ మీద మట్టి రంగు, నాలుగు మూలలా గుండ్రటి బురుజులు, చుట్టూ అడవి. బొమ్మలు మాత్రం 28 మిల్లీమీటర్ల ఎత్తువి, అవి చేయడం నావల్ల కాదు. లెక్క కూడా వేసి ఇచ్చాను. ఫ్రెంచి సేనాని బుస్సీ వెంట వచ్చిన ఫ్రెంచివాళ్లు 750 మంది అని చరిత్రలో ఉంది, బొమ్మ ఒక్కటికి 30 మంది చొప్పున 25 బొమ్మలు. వాళ్లతో కలిసి వచ్చిన మా విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు వైపు 20, బొబ్బిలి వైపు 14, అన్నిటికీ మించి, కోట పడ్డ మూడు రోజులకి ఆ రాజుని గుడారంలో దూరి చంపిన బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఒక్కడు. మొత్తం 60. ఒక్కోటి 300, పాపారాయుడికి విడిగా 1,300. తలపాగా ఎర్రగా ఉండాలి, ఒర ఖాళీగా ఉండాలి, ఎందుకంటే కత్తి అప్పటికే చేతిలో ఉంటుంది, అతను గుడారంలోకి దూరుతున్న క్షణం అది. ఇదంతా బొమ్మలు గీసి మరీ పంపాను. ఫ్రెంచివాళ్లకి మూడు మూలల టోపీ పెట్టమని ఎర్ర ఇంకుతో రాశాను, రెండుసార్లు గీత గీశాను. తగరం లోహంతో పోసిన బొమ్మలు కావాలన్నాను, ఎందుకంటే కన్వెన్షన్‌లో పదిమంది చేతులు పడతాయి, లోహమైతే తుపాకీ వంగుతుంది, వేలితో సరిచేయొచ్చు. ప్లాస్టిక్ లాంటి రెసిన్ అయితే పుటుక్కున విరుగుతుంది. అన్నిటికీ ఒకటే సమాధానం, "మీరు నిశ్చింతగా ఉండండి సార్."

దసరా తర్వాత మా ఊరి సిరిమానోత్సవం అయిన వారంలో 14 వేలు అడ్వాన్స్ కొట్టాను. ఫ్రిజ్‌కని దాచిన డబ్బులవి. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే ఇప్పుడు ఎక్కువ బాధగా ఉంది. దీపావళికి ఫోన్ చేస్తే అచ్చులు పోస్తున్నాం అన్నాడు. డిసెంబర్‌లో రంగులు ఆరుతున్నాయి అన్నాడు. సంక్రాంతి ముందు పాపారాయుడి ఫోటో పంపాడు, అబ్బ, నిజం చెప్పాలంటే ఆ ఫోటో చూసి ఆఫీసులో పక్క సీటు ఆయనకి కూడా చూపించాను. ఎర్ర తలపాగా, ఖాళీ ఒర, నేను గీసినట్టే. ఆ ఒక్క ఫోటో చూసి మిగతా 5 వేలు కూడా కొట్టేశాను. అప్పటిదాకా పార్సిల్ ఇచ్చాకే మిగతాది అని పట్టుబట్టినవాణ్ణి. ఈ తెలివికి నన్ను ఏమనాలో మీరే అనండి. పండక్కి వర్కర్లు ఊళ్లకి వెళ్లారు అని ఇంకో వారం లాగాడు.

పార్సిల్ శుక్రవారం సాయంత్రం వచ్చింది, తెల్లారితే ఆట. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కొరియర్ ఆఫీసులో నిలబడే విప్పాను, ఆ కుర్రాడు "ఏటి సార్, బొమ్మల కొలువుకా?" అని తొంగి చూస్తున్నాడు. 60 కాదు, 43. లోహం కాదు, రెసిన్, అదీ సరిగా ఆరని రెసిన్, పట్టుకుంటే వేళ్లకి జిగురు. తుపాకుల చివర్లు సగం డబ్బా అడుగున పడి ఉన్నాయి. ఇక టోపీలు చూస్తే, పొడుగ్గా డబ్బాలా నిలబడ్డ టోపీలు! నెపోలియన్ కాలం సైనికులు. 1757లో ఆ టోపీ ఎక్కడిది, అది వచ్చేసరికి పాపారాయుడు పోయి నలభై ఏళ్లు దాటింది. అది కూడా వదిలేయండి. బొబ్బిలి వాళ్లకీ అదే బొమ్మ! అదే అచ్చు, అదే పొడుగు టోపీ, మొహానికి మాత్రం గోధుమ రంగు పూశాడు. విజయనగరం వాళ్లకీ అంతే. అంటే నెపోలియన్ దండు ఒకటి మూడు ముక్కలై, ఒకళ్లనొకళ్లు పొడుచుకోవడానికి బొబ్బిలి వచ్చిందన్నమాట. పాపారాయుడు లేడు.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. నేను అరవలేదు, ప్రమాణం చేసి చెప్తున్నా. టోపీలు తప్పండి, ఇవి మన యుద్ధంవి కావు అన్నాను. "రాజుల కాలం సైనికులంతా ఒకటే సార్, ఎవరు చూస్తారు" అన్నాడు. నేను చూస్తాను కదండీ, ఆడేవాళ్లు చూస్తారు కదా అన్నాను. అప్పుడు నవ్వాడు. నవ్వి, "ఎలాగూ చివర్లో అందరూ చచ్చేవాళ్లే కదండీ, ఏ టోపీ పెట్టుకుని చస్తే ఏంటి" అన్నాడు.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ మాట దగ్గర నా గొంతు ఆగిపోయింది. ఆ కోట లోపల ఆడవాళ్లూ పిల్లలూ ఏమయ్యారో చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన చోటు మాది. ఇప్పటికీ బొబ్బిలి వెళ్తే యుద్ధ స్తంభం దగ్గర కాసేపు ఆగే మనుషులున్నారు. మూడు నెలలు నా దగ్గర కథంతా విని, "అబ్బా గూస్‌బంప్స్ సార్" అన్నవాడే ఇప్పుడిలా అంటే ఏం చెప్పాలి? నాకు తట్టిన తిట్లన్నీ ఫోన్ పెట్టేశాక తట్టాయి. మామూలే.

పాపారాయుడు ఏడండీ అంటే "అది శాంపిల్ సార్, శాంపిల్ పంపం" అన్నాడు. 1,300 తీసుకున్న శాంపిల్. ఆ రాత్రి పదకొండింటికి స్టేటస్ పెట్టాడు, నన్ను అందులోంచి తీసెయ్యడం మర్చిపోయినట్టున్నాడు. నా ఎర్ర తలపాగా, నా ఖాళీ ఒర, కింద "అమ్ముడైంది" అని చేతులు జోడించిన గుర్తు. ఎవరికి ఎంతకి అమ్మాడో తెలీదు. మీలో ఎవరైనా కొని ఉంటే మీ తప్పేం లేదు, కానీ ఆ గీత నాది.

తెల్లారేదాకా తుపాకులు అతికిస్తూ కూర్చున్నాను. మా అమ్మ లేచి చూసి "ఏటిరా ఈ పిచ్చి" అని టీ పెట్టి ఇచ్చింది. ఆటలో విజయనగరం వైపు అట్టముక్కలు కోసి పేర్లు రాసి పెట్టాను, పాపారాయుడి బదులు మా అబ్బాయి చదరంగంలో నల్ల గుర్రం. ఆడినవాళ్లు మంచివాళ్లు, ఎవరూ ఏమీ అనలేదు. ఒక తొమ్మిదో తరగతి పిల్లాడు మాత్రం "అంకుల్, ఈ పొడుగు టోపీలు వాటర్‌లూవి కదా?" అన్నాడు. అవును నాన్నా, నెపోలియన్ ఓడిపోయిన ఆ యుద్ధానివే, నువ్వొక్కడివే పట్టుకున్నావు. నల్ల గుర్రం గుడారంలోకి వెళ్లి విజయరామరాజు మీద పాచిక వేస్తే ఆరు పడింది, టేబులంతా కేకలు. నేను కూడా అరిచాను. ఆ బొమ్మే ఉండుంటే ఎలా ఉండేదో అని లోపల ఏడుపు.

గొల్లపల్లిలో పనస మొద్దు తొలిచి వీణ చేసేవాళ్లున్నారు, మా చిన్నాన్న అడ్వాన్స్ ఇచ్చి ఆర్నెల్లు ఆగాడు, చెప్పిన నెలకి చెప్పిన వీణ వచ్చింది. నేను చేత్తో చేసిన వస్తువంటే అందరూ అలాగే ఉంటారనుకున్నాను.

సరే, మీకు పనికొచ్చేవి రెండు ముక్కలు. ఒక్క బొమ్మ ఫోటో చూసి మిగతా డబ్బు కొట్టకండి, మొత్తం సెట్ బల్ల మీద పెట్టి వీడియో తీయమనండి. పార్సిల్ విప్పేటప్పుడు మీరూ వీడియో తీసుకోండి, నేను తీయలేదు, ఇప్పుడు 43 అని నేనంటే 60 అని ఆయనంటున్నాడు. కన్వెన్షన్‌కి నెల ముందే చేతికి రాకపోతే వదిలేసుకోండి. నేను 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో రాయించాను, సైబర్ మోసాల నంబర్ 1930కి కూడా చేశాను, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ దాచి ఉంచాను. ఈ ఉదయం నుంచి నా నంబర్ బ్లాక్.

వాటర్‌లూ ఎవరైనా పెడుతుంటే చెప్పండి, 43 పొడుగు టోపీలున్నాయి, కొరియర్ ఖర్చు ఇస్తే చాలు. తుపాకుల సంగతి మాత్రం అడక్కండి.