గుజ్జు ఎగుమతి అగ్రిమెంట్‌లో కోర్టా, ఆర్బిట్రేషనా?

చిత్తూరు నుంచి తోతాపురి గుజ్జు పంపే మా బావ, నెదర్లాండ్స్ పార్టీతో అగ్రిమెంట్‌లో "చిత్తూరు కోర్టులకే అధికారం" అని రాసుకొచ్చాడు. తల పట్టుకున్నా. కోర్టుకు బదులు, ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) తీర్పు చెప్పే ఆర్బిట్రేషన్ రాయించుకోవచ్చు కదా.

ఖర్చు: కోర్టులో కోర్టు ఫీజు, లాయరు ఫీజు. ఆర్బిట్రేషన్‌లో ఆర్బిట్రేటర్ ఫీజు కూడా మన జేబులోంచే.

టైమ్: కోర్టిచ్చే డిక్రీకి (తీర్పుకి) అప్పీళ్లుంటాయి. ఇక్కడ ఇచ్చిన అవార్డును, అంటే ఆర్బిట్రేటర్ తీర్పును, మన ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద కొన్ని కారణాలకే సవాలు చేయగలరు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. మన డిక్రీ నెదర్లాండ్స్‌లో నేరుగా అమలవదు, మళ్లీ అక్కడ కేసు వేసుకోవాలి. అవార్డయితే 170కి పైగా దేశాలున్న 1958 న్యూయార్క్ ఒప్పందం కింద అక్కడి కోర్టులో అమలు చేయించుకోవచ్చు.

అదే బంగారుపాళ్యం మండీ వ్యాపారితో బేరమైతే ఆర్బిట్రేషన్ దండగ. చెక్కు తీసుకోండి, బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసివ్వండి. విదేశీ పార్టీ అయితే ఆర్బిట్రేషనే, దాని సీట్ (చట్టపరంగా ఆర్బిట్రేషన్ జరిగే చోటు) ఏ ఊరో కూడా రాయించండి.