కాశీబుగ్గ సందులో జీడిపప్పు కొట్టు

మా అత్తగారిది సోంపేట దగ్గర పల్లె. విశాఖ తిరిగొచ్చేటప్పుడు పలాసలో రైలెక్కుతాం కాబట్టి కాశీబుగ్గలో పప్పు కొనడం అలవాటు. ఈసారి మెయిన్ రోడ్డు షాపులు వదిలేసి, సందులో జీడి ఫ్యాక్టరీకి ఆనుకుని ఉన్న చిన్న కొట్టుకెళ్లాం.

240 గుండు, అంటే విడిపోని పూర్తి పప్పు, రెండు కిలోలు తీసుకున్నాను. 240 అంటే పౌనుకి, అంటే 453 గ్రాములకి, సుమారు అన్ని పప్పులు తూగుతాయని లెక్క. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నది. పాయసానికి, ఉప్మాకి అయితే బద్ద చాలు, డబ్బులు మిగులుతాయి. రుచికి వంక పెట్టలేను, కొరికితే కరకరలాడింది. కానీ ఇంటికొచ్చి విప్పితే రెండో ప్యాకెట్ అడుగున గుప్పెడు ముక్కలు! మీరు మాత్రం కళ్లముందే తూకం వేయించుకోండి.

వెనక షెడ్డులో పొట్టు తీసేది అందరూ ఆడవాళ్లే. గింజ కోసే దగ్గర తొక్కలోని జీడి రసం అంటితే చేతులు పొక్కుతాయి. ఒకావిడ తన వేళ్లు చూపించి నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ తర్వాత బేరం ఆడబుద్ధి కాలేదు. అయినా బేరం ఆడకపోతే మిగిలేది ఆవిడకి కాదు, కొట్టువాడికేగా.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, సోంపేట చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటల్ని పడగొట్టింది. మా మామగారి తోట కూడా పోయింది. మళ్లీ వేసిన మొక్కలు కాపుకొచ్చేదాకా మేమూ కొనుక్కునేవాళ్లమే అయ్యాం.