బ్యాటరీ పోయిందనగానే పాతది అప్పగించకండి: కారు యజమానులకు ఒక హెచ్చరిక

కారు బ్యాటరీ మార్చుకోబోతున్న వారికి, ముఖ్యంగా వారాల తరబడి కారును కదపకుండా ఇంటి దగ్గర ఉంచేసే మా కోనసీమ వారికి, నాకు జరిగిన మోసం తెలియాలని ఇది రాస్తున్నాను. దుకాణం పేరు రాయడం లేదు. జాతీయ రహదారి పక్కన ఇలాంటివి చాలానే ఉన్నాయి కనుక, పేరు కంటే పద్ధతి తెలియడమే ముఖ్యమని నా అభిప్రాయం.

గత జూన్‌లో నా చిన్న పెట్రోలు కారు మూడు వారాల పాటు అమలాపురంలో మా ఇంటి రేకుల షెడ్డులో ఉండిపోయింది (కొబ్బరిచెట్టు కింద కారు నిలిపే ధైర్యం మా వైపు ఎవరికీ ఉండదు). బయలుదేరబోతే సెల్ఫ్ కొట్టలేదు. టకటకమన్న శబ్దం తప్ప ఇంజనులో చలనం లేదు. మెకానిక్ వేరే బ్యాటరీతో కేబుళ్లు కలిపి స్టార్ట్ చేసి, నన్ను ఆ దుకాణానికి పంపాడు. అక్కడి కుర్రవాడు వోల్టేజి కొలిచే మీటరు తీయనే లేదు. చిన్న తీగ ముక్కను రెండు టెర్మినళ్ల మీద ఒక్క క్షణం ఆనించి, నీరసంగా వచ్చిన నిప్పురవ్వను చూపించి, “ప్లేట్లు పోయాయండీ” అన్నాడు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి అలా రవ్వలు రాల్చడం ప్రమాదకరం. పైగా ఛార్జి దిగిపోయిన మంచి బ్యాటరీకీ, నిజంగా చెడిపోయిన బ్యాటరీకీ ఆ రవ్వతో తేడా తెలియదు.

పాతది ఇచ్చినందుకు 600 రూపాయలు తగ్గించి, 4,300 రూపాయలు తీసుకుని ‘కొత్తది’ బిగించారు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకె వేసి ఇస్తూ, “వారంటీకి మేమున్నాం కదండీ, మా షాపు ఎక్కడికి పోతుందండీ” అన్నారు. ఆ మాటకు తల ఊపి వచ్చేయడం నా తప్పే.

కార్తిక సోమవారం తెల్లవారుజామున ద్రాక్షారామం వెళ్దామని తాళం తిప్పితే మళ్లీ అదే టకటక. ఈసారి రాజమహేంద్రవరంలో ఆ బ్యాటరీ కంపెనీ అధీకృత డీలరు దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన ముందు పూర్తిగా ఛార్జి చేయించి, తర్వాత లోడ్ టెస్టర్ (బ్యాటరీ మీద భారం మోపి చూసే పరికరం) పెట్టగానే వోల్టేజి 8 కంటే కిందికి జారిపోయింది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ఆ పరీక్షలో సుమారు 9.6 దగ్గరైనా నిలబడాలి. ఆ తర్వాత ఆయన తడిగుడ్డతో బ్యాటరీ పైభాగం తుడిచి, తయారీ తేదీ కోడ్ ఉండవలసిన చోట ఉప్పుకాగితంతో రుద్దిన గీతలు చూపించారు. స్టిక్కరు మాత్రం తళతళలాడుతోంది. పాత పెట్టెను కడిగి, ఛార్జి చేసి, కొత్త స్టిక్కరు అంటించి నాకు అమ్మారన్నమాట.

అంతకంటే బాధ కలిగించిన సంగతి మరొకటి ఉంది. ఆయన కారు ఆపి, తలుపులు లాక్ చేసి, నెగెటివ్ క్లాంపుకూ టెర్మినల్‌కూ మధ్య మీటరు పెట్టి చూస్తే 120 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతూనే ఉంది. సాధారణంగా అది 50 దాటకూడదు. ముందు అద్దానికి పెట్టించిన కెమెరాను తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపేశారు. ఆ లెక్కన 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండుగా ఉన్నా దాదాపు 12 రోజుల్లో అడుగంటుతుంది. అంటే నేను 600 రూపాయలకు వదులుకున్న పాత బ్యాటరీ, నెమ్మదిగా ఒక రాత్రంతా ఛార్జి చేసి ఉంటే, బహుశా ఇంకో ఏడాది నడిచేది.

కాబట్టి మార్చే ముందు మీటరు పెట్టించండి. ఇంజను ఆపిన కొన్ని గంటల తర్వాత 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 వరకు రాకపోతే లోపం ఆల్టర్నేటర్ (ఇంజను నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే పరికరం) దగ్గరో దాని బెల్టు దగ్గరో ఉండవచ్చు. అప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా డబ్బు దండగే. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో చిలుము పట్టినా సెల్ఫ్ కొట్టదు. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు వారు దీన్ని తరచుగా చూసుకోవాలి. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో తుడిచి, ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే చాలు. బిగించేటప్పుడు నెగెటివ్ చివర రావాలి.

నిజంగానే కొనవలసి వస్తే, పెట్టె మీద చెక్కిన సీరియల్ నంబరు బిల్లులోనూ వారంటీ కార్డులోనూ ఉందో లేదో అక్కడే నిలబడి సరిచూసుకోండి. తయారై ఆరు నెలలు దాటిన సరుకు నేనైతే తీసుకోను. పాతదానికి తగ్గించిన మొత్తాన్ని కూడా బిల్లులో రాయించండి.

నేను తిరిగి వెళ్లి అడిగితే, ఆ బ్యాటరీ తమ దగ్గర కొన్నదే కాదన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే వారు మొదట అడిగింది బిల్లు గురించే. నా దగ్గర ఉన్నది 4,300 అని అంకె వేసిన ఆ తెల్ల కాగితమే. దాని మీద దుకాణం పేరు కూడా లేదు.