పోలోకి లోయరింగ్ స్ప్రింగులు: తిరుపతి రోడ్ల మీద ఏది మేలు?

మన దేశంలో అమ్మిన పోలో పక్కన నిలబడితే ముందు కంట్లో పడేది టైరుకీ, దాని పైనున్న రేకు ఫెండరుకీ మధ్య ఉన్న సందు. నాలుగు వేళ్లు సులువుగా దూరతాయి. ఇక్కడి గుంతల్ని దృష్టిలో పెట్టుకుని ఫోక్స్‌వాగన్ దీన్ని యూరప్ బండి కంటే ఎత్తుగా నిలబెట్టింది. అందులో తప్పేమీ లేదు. కానీ అలిపిరి దాటి రెండో ఘాట్ ఎక్కుతున్నప్పుడు, లేదా భాకరాపేట ఘాట్‌లో మలుపు తిరిగినప్పుడల్లా బండి పక్కకి ఒరుగుతుంటే ఇంకొంచెం కిందికి ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఆ పనికే లోయరింగ్ స్ప్రింగులు, అంటే ఒరిజినల్ వాటి చోట పెట్టి బండిని కిందికి దించే స్ప్రింగులు.

రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకి వెళితే మేస్త్రీ చెప్పిన మొదటి మాట, "ఉన్న స్ప్రింగే ఒక చుట్టు కోసేద్దామన్నా, గంటలో పని అయిపోతాది గదా." మా బావమరిది తన బండికి అదే చేయించాడు. నెల తర్వాత జాకీ పెట్టి ఎత్తి చూశాం. వెనక చక్రం కిందికి వేలాడగానే స్ప్రింగు సీటులోంచి జరిగి పక్కకి వాలింది, చేత్తో కదిపితే టకటకా ఆడింది. పోలో వెనక భాగంలో షాకబ్జర్ వేరు, స్ప్రింగు వేరు. చక్రం పూర్తిగా కిందికి దిగినా స్ప్రింగు మీద కాస్త ఒత్తిడి మిగిలి ఉంటేనే అది తన చోట నిలుస్తుంది. పొట్టి చేస్తే ఆ ఒత్తిడి పోతుంది. పైగా గ్యాస్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును చెడిపోతుంది. ఇంట్లోవాళ్లు కూర్చునే బండికి ఈ పని వద్దే వద్దు.

ఇక అసలు పోటీ రెండు రకాల మధ్య: కొంచెం దించేవి, బాగా దించేవి. జర్మనీలో 1951 నుంచి ఉన్న ఐబాక్ కంపెనీలోనే రెండూ దొరుకుతాయి. ప్రో-కిట్ చాలా బండ్లకి 25–30 మిల్లీమీటర్లు దించుతుంది, స్పోర్ట్‌లైన్ అంతకంటే బాగా కిందికి, 45–50 దాకా తెస్తుంది. హెచ్ అండ్ ఆర్ లాంటి కంపెనీల్లోనూ ఇలాగే మెట్లుంటాయి. ఫొటోలో చూస్తే స్పోర్ట్‌లైన్ అందమే అందం, ఒప్పుకుంటాను.

కానీ మన వీధులు చూడండి. మన పోలో గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు, సుమారు 165 మిల్లీమీటర్లు. 30 దించితే 135, 50 దించితే 115. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. పోలో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.47 మీటర్లే కాబట్టి అంత వెడల్పు హంప్ మీదకి రెండు జతల చక్రాలూ ఎక్కేస్తాయి, అడుగు తగలదు. చిక్కంతా వీధి మొదట్లో కాలనీవాళ్లు వేసుకున్న అడుగున్నర వెడల్పు దిమ్మెలతోనే. అవి ముందు చక్రాలు దిగేసరికి సరిగ్గా బండి పొట్ట కిందికి వస్తాయి. నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెడితే బండి ఇంకా కుంగుతుంది. అప్పుడు 115లో మిగిలేది ఏమీ ఉండదు.

ఇంకో మెలిక ఉంది. డబ్బా మీద రాసిన 30 అనేది యూరప్ బండి ఎత్తు నుంచి లెక్క. మన బండి మొదటే ఎత్తు కాబట్టి ఇక్కడ అంతకంటే ఎక్కువే దిగొచ్చు. అందుకే బిగించేముందు చక్రం నడి మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో నాలుగు వైపులా కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైర్లో గాలి తేడా కూడా కలిసిపోతుంది. ఆ స్ప్రింగు ముందు చక్రాల మీద పడే బరువు (యాక్సిల్ బరువు) ఎంత వరకు పనికొస్తుందో కూడా చూసుకోండి. డీజిల్ ఇంజిన్ బరువెక్కువ కాబట్టి పెట్రోల్ బండి స్ప్రింగు దాని కింద పెడితే ముక్కు అనుకున్నదానికంటే కిందికి వాలిపోతుంది.

షాకబ్జర్ల సంగతి అన్నిటికంటే పెద్దది. ఒరిజినల్ షాకబ్జర్ ఒరిజినల్ ఎత్తుకి తయారైంది. 50 దించితే దాని రాడ్ ఎప్పుడూ లోపలికి దిగి, చక్రం మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకి దగ్గరగా నిలబడుతుంది. చిన్న గుంతకే దబ్‌మని కొడుతుంది, మలుపు మధ్యలో అలా కొడితే టైరు పట్టు తప్పుతుంది. ప్రో-కిట్‌లో చుట్లు ఒకే రకంగా ఉండవు. మొదట మెత్తగా నొక్కుకుని, బరువు పెరిగేకొద్దీ గట్టిపడతాయి. ఆ కాస్త దింపుడుని మంచి స్థితిలో ఉన్న ఒరిజినల్ షాకబ్జర్లు తట్టుకుంటాయి. స్పోర్ట్‌లైన్‌కైతే పొట్టి షాకబ్జర్లు కావాలి, బిల్‌స్టైన్ బీ8 అలాంటిదే. అంటే ఖర్చు స్ప్రింగులతో ఆగదు. మీ బండి 70,000 కిలోమీటర్లు దాటి ఉంటే ముందు షాకబ్జర్లు చూపించండి, డబ్బు అక్కడ పెట్టండి, స్ప్రింగులు తర్వాత.

కాయిలోవర్లు, అంటే మరలు తిప్పి సరిచేసుకునే స్ప్రింగు, షాకబ్జర్ సెట్లు, ఎత్తు మార్చుకునే సౌకర్యం ఇస్తాయి. శ్రీపెరుంబుదూరు దగ్గరి రేస్ ట్రాక్‌కి తరచూ వెళ్లేవాళ్లకి సరే. మిగతావాళ్లు ఒకసారి సెట్ చేసి మళ్లీ ముట్టుకోరు, ఈలోగా మరల్లో దుమ్ము, బురద పేరుకుపోయి బిగుసుకుపోతాయి.

నా ఓటు ప్రో-కిట్ తరహా స్ప్రింగులకే. కొండ ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ పట్టకూడదని టీటీడీ నిబంధన. కాబట్టి అక్కడ కావాల్సింది వేగం కాదు, వెనక సీట్లో అమ్మకి కడుపులో తిప్పకుండా బండి నిలకడగా తిరగడం. మోకాళ్ల నొప్పులున్న మనిషి దిగడానికీ 30 తగ్గితే ఫర్వాలేదు, 50 అయితే కష్టం.

మార్పు చేశాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి తెలియజేయండి, దాచిపెడితే క్లెయిమ్ రోజున టెన్షన్. బిగించేటప్పుడు మేస్త్రీ పక్కనే ఉండి ఒకటి గమనించండి: కింది ఆర్మ్ బుష్ (రబ్బరు కీలు) బోల్టుల్ని చివరి బిగింపు బిగించేది బండి చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ టేపు పెట్టి కొలిచి, అప్పుడు వీల్ అలైన్‌మెంట్ చేయించండి. అదే రోజు సాయంత్రం ఇంటి గోడకి ఎదురుగా పెట్టి హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి. ముందూ వెనకా సమానంగా దిగకపోతే వెలుగు దారి మారి, రాత్రి పూతలపట్టు రోడ్డు మీద ఎదురొచ్చే లారీ డ్రైవర్ కళ్లలో పడుతుంది.